గండము గడచిన పిమ్మట



1941లో, లండన్ నగరముపై బాంబులు పడుచున్న దినములలో, కూలిన గోడల క్రింద గంటలకొలది నలిగి సజీవులుగా వెలికివచ్చినవారిలో కొందరు, కొలది దినములకే మూత్రపిండములు పనిచేయక మూత్రము స్తంభించి మరణించుటను బైవాటర్స్, బీల్ అను వైద్యులు వర్ణించిరి. 1945లో, హాలండ్ దేశపు కాంపెన్ పట్టణమున, కోల్ఫ్ మహాశయుడు తాను నిర్మించిన కృత్రిమ మూత్రపిండముతో ఒక వృద్ధురాలిని మృత్యుముఖమునుండి మరలించెను. నాటినుండి వైద్యులమైన మన శ్రద్ధ యంతయు రోగిని ఆ గండము గట్టెక్కించుటయందే నిలిచినది. గట్టెక్కినవాని తరువాతి గతి యేమను విచారణ మిక్కిలి ఆలస్యముగా ఆరంభమైనది.

పొలమున రక్తపింజరి కాటునకు గురియైన కూలి, వాంతులు విరేచనములతో శోషిల్లిన ముదుసలి, కీళ్లనొప్పులకని నెలలతరబడి బిళ్లలు మ్రింగిన నేతగాడు, మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతిని కొన్నాళ్లు డయాలిసిస్ మీద నుండి, మూత్రము ధారాళమై, కండరములనుండి పుట్టు వ్యర్థమగు క్రియాటినిన్ రక్తమున దిగిరాగా, ఇండ్లకు పోవుదురు. ఆ అంకెను చూచి మనము నిశ్చింతులమగుదుము. కాని దానిని పూర్తిగా నమ్మరాదు. మూత్రపిండ మొక్కింట సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అనగా వడపోత ఘటకములు, కలవు. కొన్ని నశించినను మిగిలినవి అధికభారమును వహించును గనుక, సగము శక్తి క్షీణించినను క్రియాటినిన్ సహజముగనే కానవచ్చును. పైగా, మంచముపట్టినవాని కండరములు కరగుటచేత దాని ఉత్పత్తియే తగ్గును. ఇట్లు లోపము మరుగుపడియుండగా, ఆ అధికభారమే యేండ్లు గడచుకొలది మిగిలిన నెఫ్రాన్లను గూడ క్షీణింపజేయవచ్చును. రక్తపోటు, గుండెజబ్బు, దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి, మరల అదే గండము, ఇతరులకంటె ఇట్లు గట్టెక్కినవారికి హెచ్చుగా వచ్చుచున్నవి. అందరికిని ఇట్లగునని కాదు; ఎవరికగునో ముందుగా చెప్పలేము గనుకనే చూచుచుండవలెను.

2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు మూడు మాసములకు రోగిని మరల పరీక్షింపవలెనని చెప్పుచున్నవి. క్రియాటినినుతోపాటు మూత్రమున ఆల్బుమిన్ పోవుచున్నదేమో చూచుటయు ముఖ్యము. తన మూత్రపిండములు దెబ్బతిన్నవని యెరుగని రోగి, ఒళ్లునొప్పులు రాగానే మందులదుకాణమున మరల అవే నొప్పిబిళ్లలు కొనుచున్నాడు. ఆ దోషము అతనిది కాదు, చెప్పక పంపిన మనది.

కావున, యువవైద్యులారా, డిశ్చార్జి చీటీపై, అతడు చదువుకొనగల తెలుగున, మూత్రపిండములు ఒకమారు దెబ్బతిన్నవనియు, వైద్యుని అడుగక నొప్పిబిళ్లలు వాడరాదనియు, ఫలానా తేదీన మరల రావలెననియు వ్రాయుడు. కూలి పోగొట్టుకొని బస్సెక్కి వచ్చినవానికి రక్తము, మూత్రము, రక్తపోటు మూడును ఆ పూటనే చూచి, ఫలితము చెప్పి పంపుడు. రేపు రమ్మన్నచో అతడు రాలేడు.