సైలెంట్ వ్యాలీలో పిల్లలతో



కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో సైలెంట్ వ్యాలీ అనే వర్షారణ్యం ఉంది. అక్కడ కుంతిపుళ నదిపై జలవిద్యుత్ కేంద్రం కట్టాలనుకున్నారు. సింహపు తోక కోతులుండే అడవి మునిగిపోతుందని శాస్త్రజ్ఞులు, కవులు, ఉపాధ్యాయులు ఎదిరించారు. 1983లో పథకం ఆగింది. 1984లో అది జాతీయ ఉద్యానవనమయింది.

విద్యుత్ శాఖవాణ్ణి కదా, ఆ అడవి చూడాలనిపించి 1992 దసరా సెలవుల్లో పిల్లలిద్దరినీ తీసుకువెళ్ళాను. జలగలు పట్టకుండా కాళ్ళకు ఉప్పు రాసుకుని నడిచాం. రెండు గంటలు ఏమీ కనబడలేదు. అంతలో పైనుంచి కాయ తొక్కలు రాలాయి. తలెత్తితే నల్లని ఒళ్ళు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర కుచ్చు! ఒక తల్లికోతి పొట్టను కరచుకున్న పిల్లతో కొమ్మ మారింది.

"నాన్నా, డ్యామ్ కట్టి ఉంటే ఇవి ఎక్కడికి పోయేవి?" అంది అమ్మాయి.

"చెట్లమీదే బతికే జీవులమ్మా, కొమ్మల దారి తెగితే వాటికి వేరే దారి లేదు" అన్నాను.

"మరి కరెంటో?" అన్నాడు అబ్బాయి.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. కరెంటు తయారుచేయడానికి ఇంకో చోటు వెతుక్కోవచ్చు. ఆ అడవిని ఇంకోచోట కట్టలేం.

మోకాళ్ళు సహకరించినంతకాలం మనవలను అడవులకు తీసుకువెళ్ళండి. పులి కనబడకపోయినా ఇలాంటి ప్రశ్నలు పుడతాయి.