ఆమె పేరేంది?

(పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి భూమి పట్టాల గురించి, బీడీ కార్మికుల పి.ఎఫ్. గురించి, ఇళ్లల్లో జరిగే హింస గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నన్ను కథల గురించి మాట్లాడమన్నారు. హక్కుల సమావేశంలో కథలెందుకని కొందరికి అనిపించవచ్చు. అందుకే ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను.

కొంతకాలం కింద మెట్‌పల్లి వైపు ఒక ఊళ్లో, చాటల్లో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. వాళ్లలో చాలామంది ఆదివారం చర్చికి పోయేవాళ్లు. మాటల మధ్య సమరయ స్త్రీ కథ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నీళ్లకొచ్చిన స్త్రీ, ఆమెను దాహమడిగిన యేసు, ఆమెకున్న అయిదుగురు భర్తల ముచ్చట, అన్నీ వాళ్లకు నోటికి వచ్చు. ఒక ముసలమ్మ బీడీకి దారం చుడుతూ, తలెత్తకుండానే నన్నడిగింది: "గంతసేపు దేవునితోని మాట్లాడింది గదా బిడ్డా, ఆమె పేరేంది?"

యోహాను సువార్తలో ఆమె పేరు లేదు. తూర్పు దేశాల క్రైస్తవ సంఘాలు తర్వాతెప్పుడో ఆమెకు ఫొతీనీ అని పేరు పెట్టుకున్నాయి. మన దాకా ఆ పేరు రాలేదు. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నే ఈరోజు నా ప్రసంగం.

యేసు జీవితాన్ని చెప్పే సువార్తలు నాలుగు: మత్తయి, మార్కు, లూకా, యోహాను. వాటిల్లో స్త్రీలు అడుగడుగునా కనిపిస్తారు. కానీ ఎట్లా కనిపిస్తారు? పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ. తన బిడ్డ కోసం యేసుతో వాదించిన సురోఫెనికయ స్త్రీ. వ్యభిచారంలో పట్టుబడిందని గుంపు ఈడ్చుకొచ్చిన స్త్రీ. పేతురు అత్త. పిలాతు భార్య. ఒకరిని రోగంతో గుర్తుపడతాం, ఒకరిని జాతితో, ఒకరిని నిందతో, ఒకరిని ఇంటి మగవాడితో. కథ వాళ్ల దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ ముందుకు పోతుంది. ఆ మర్నాడు వాళ్లేం చేశారో, వాళ్ల బతుకేమైందో ఎవరూ రాయలేదు. రాయని ఆ భాగాన్ని ఊహించి రాసేదే మనం మాట్లాడుకుంటున్న కథాసాహిత్యం.

మరి పేరున్న స్త్రీకైనా న్యాయం జరిగిందా? మగ్దలేనే మరియ సంగతి చూడండి. ఆమె వేశ్య అని నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. ఆమెను ఏడు దయ్యాలు వదిలాయని, హేరోదు దగ్గర పనిచేసే కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా ఎందరో స్త్రీలతో కలిసి ఆమె కూడా తమ సొంత సొమ్ముతో యేసు బృందానికి సాయపడిందని లూకా చెప్తాడు. సిలువ దగ్గర నిలబడ్డది ఆమె. ఖాళీ సమాధిని చూసి వచ్చి చెప్పిన స్త్రీలలో మొదటి పేరు ఆమెది. ఆ మాట విన్న మగ శిష్యులు ఏమనుకున్నారు? అవి వట్టి మాటలని నమ్మలేదు. ఇదీ లూకా రాసిందే.

ఆ తర్వాత 591లో పోప్ మొదటి గ్రెగరీ ఒక ప్రసంగంలో మగ్దలేనే మరియను, బేతనియ మరియను, పేరులేని "పాపాత్మురాలిని" కలిపి ఒక్క మనిషిని చేశాడు. అప్పటి నుంచి పడమటి దేశాల బొమ్మల్లో, పాటల్లో, నాటకాల్లో ఆమె పశ్చాత్తాపపడిన వేశ్యగానే మిగిలింది. 1969లో కాథలిక్కులు తమ పంచాంగాన్ని సవరించినప్పుడు గానీ ఆ ముగ్గురినీ విడదీయలేదు. 2016లో ఆమె స్మారక దినాన్ని అపొస్తలుల పండుగలతో సమానం చేశారు. అంటే ఒక సాక్షి మీద పడ్డ ముద్ర చెరగడానికి దాదాపు 1400 ఏళ్లు పట్టింది.

ఈ పద్ధతి మనకు కొత్తదా? 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. అడ్డుపడ్డ ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు ఆమె నోరు విప్పితే, పోలీసుల తరఫు వాదనంతా ఆమె వేశ్య అని నిరూపించడానికే సాగింది. కమిషన్ పోలీసులనే దోషులంది. అయినా కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో నిందితులు విడుదలయ్యారు. మన ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న అప్పటి చంద్రపూర్ జిల్లాలో, దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో 1972లో జరిగిన మథుర కేసు కూడా మీకు తెలుసు. ఆ ఆదివాసీ పిల్ల ఒంటి మీద గాయాల్లేవని, ఆమెకు "అలవాటే"నని చెప్పి సుప్రీంకోర్టు దాకా పోయి నిందితులు బయటపడ్డారు. అత్యాచారానికి గురైన స్త్రీ నడతను తవ్వి ఆమె సాక్ష్యాన్ని కొట్టివేయడానికి వీలిచ్చిన సాక్ష్య చట్టంలోని 155(4) సెక్షన్ 2002 సవరణ చట్టంతో గానీ పోలేదు. సాక్షి నోరు మూయించాలంటే ముందు ఆమె పేరు చెడగొట్టాలి. అది ఆనాడూ ఇదే, ఈనాడూ ఇదే.

పోగొట్టిన ఆ నోటిని తిరిగి ఇవ్వడానికి రచయితలు ప్రయత్నించారు. 1984లో ఇంగ్లండ్ రచయిత్రి మిషెల్ రాబర్ట్స్ "ది వైల్డ్ గర్ల్" నవలలో మగ్దలేనే మరియ చేతనే ఒక సువార్త రాయించింది. 2012లో ఐర్లండ్ రచయిత కోమ్ టోబీన్ "ది టెస్టమెంట్ ఆఫ్ మేరీ" రాశాడు. అందులో ముసలిదైపోయిన యేసు తల్లి ఎఫెసులో ఉంటుంది. ఇద్దరు మగవాళ్లు వచ్చి, తాము రాసుకుంటున్న దానికి సరిపడేట్టు ఆమె చేత చెప్పించాలని చూస్తారు. ఆమె తాను చూసిందే చెప్తానంటుంది. 2020లో అమెరికా రచయిత్రి సూ మంక్ కిడ్ "ది బుక్ ఆఫ్ లాంగింగ్స్"లో యేసుకు అనా అనే భార్యను ఊహించింది. అనా స్త్రీల కథలు రాస్తుంది, రాసిన చుట్టలను కుండల్లో పెట్టి పాతిపెడుతుంది.

ఇది వట్టి ఊహేనని కొట్టిపారేయకండి. 1896లో కైరోలో బయటపడిన ఒక పాత చేతిరాత ప్రతిలో నిజంగానే "మరియ సువార్త" అనే గ్రంథం ఉంది. అందులోనూ పేతురు, ప్రభువు మనకు చెప్పనిది ఒక ఆడమనిషికి చెప్పాడా అని ఆమెను నిలదీస్తాడు.

మన తెలుగులో యేసు కథను కావ్యం చేసిన గొప్ప కవి గుర్రం జాషువా. ఆయన "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రామాయణంలోని శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను సీతతో మాట్లాడించి ఓల్గా "విముక్త" కథలు రాసింది. దానికి 2015లో అదే అవార్డు వచ్చింది. ఇక సువార్త కథను స్త్రీ వైపు నుంచి, దళిత స్త్రీ వైపు నుంచి తిప్పి రాసిన రచయిత్రి ఎం.ఎం. వినోదిని. లూకా పదిహేనో అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఆమె తప్పిపోయిన కూతురి కథ చేసింది. దళిత క్రైస్తవ కుటుంబంలోని పిల్ల చదువుకు పోయి, బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి పద్ధతులు చూసి తన ఇంటి గురించి సిగ్గుపడుతుంది, చివరికి ఇల్లు చేరుతుంది. బైబిల్లో కొడుకు ఆస్తి పంచుకుని పోయి దాన్ని పాడుచేస్తాడు. ఇక్కడ కూతురికి పాడుచేయడానికి ఆస్తే లేదు. ఆమె పోగొట్టుకునేది తన వాడను, తన తల్లిదండ్రులను, తన మీద తనకున్న గౌరవాన్ని. ఉపమానం ఆడపిల్లదయ్యేసరికి దాని అర్థమే మారిపోయింది చూడండి.

ఇప్పుడు మన జిల్లాల ముచ్చటకు వస్తాను. ఉత్తర తెలంగాణలో మెథడిస్టు మిషన్ల కాలం నుంచి మాల, మాదిగ వాడల్లో ఈ కథలు ఉన్నాయి. వాటిని ఇల్లిల్లూ తిప్పినవాళ్లు చాలావరకు ఆడవాళ్లే. "బైబిలు స్త్రీలు" అని పిలిచిన వాళ్లు ఊరూరా నడిచి, చదువురాని ఆడవాళ్లకు నోటితోనే కథలు చెప్పారు. దొరల పేర్లు చర్చి గోడల మీది పలకల్లో ఉన్నాయి. ఈ నడిచిన ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయి? మీ ఊరి చర్చిలో వెతికి చూడండి.

ఇంకో మాట. మన దగ్గర చాలామంది అక్కలకు రెండు పేర్లున్నాయి. చర్చిలో మరియమ్మ, సర్టిఫికెట్‌లో లక్ష్మి. ఎందుకిట్లా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మారిన దళితులను మన దగ్గర బి.సి. 'సి'లో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. వెలివేత మాత్రం మతం అడిగి ఆగదు. ఊరబావి దగ్గర మరియమ్మా ఒకటే, లక్ష్మీ ఒకటే. అట్లాంటి అక్కను "నీ కథ రాయి" అంటే ఏం చేస్తుంది? రాస్తే అసలు పేరు బయటపడుతుంది, బయటపడితే పిల్లల కాగితం పోతుందని భయం. ఆ భయాన్ని మనం తక్కువ చేసి చూడకూడదు.

సరిగ్గా ఇక్కడే సువార్తల్లోని పేరులేని స్త్రీలు మనకు పనికొస్తారు. తన పేరుతో చెప్పలేని మాటను సమరయ స్త్రీ నోట చెప్పవచ్చు.

చెప్పేవాళ్లు ఇప్పటికే చెప్తున్నారు. ఆరోజు మెట్‌పల్లి వైపు ఆ వాకిట్లోనే విన్నాను. "మిట్టమధ్యాహ్నం ఎందుకొచ్చిందంటవు? పొద్దుగాల పోతే అందరుంటరు, బిందె తాకితే లొల్లి" అంది ఒకామె. పండితులు ఎంతోకాలంగా ఆ స్త్రీ నడత మంచిది కాదు గనుక ఒంటరిగా వచ్చిందని చెప్పుకుంటూ వచ్చారు. ఈమె బావిని చూసి చెప్పింది. అయిదుగురు భర్తల మాటకు ఇంకొకామె, "చచ్చిపోయిండ్రో, ఇడిసిపెట్టిండ్రో, ఎవరడిగిండ్రు?" అంది. నిజమే కదా, ఆనాడు విడాకులిచ్చే అధికారం చాలావరకు మగవాడి చేతిలోనే ఉండేది.

రక్తస్రావం స్త్రీ కథ తీసుకోండి. ఆమె ఎందరో వైద్యుల చేతుల్లో బాధలు పడి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, ఇంకా కుంగిపోయిందని మార్కు రాశాడు. గర్భసంచి తీసేసే ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తున్నాయి. అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించుకుని, నడుము నొప్పితోనే తునికాకు కత్తిరిస్తున్న అక్క ఆ కథ రాస్తే ఎట్లుంటుంది? పిల్లల బల్ల కింద పడ్డ రొట్టెముక్కలు కుక్కపిల్లలు కూడా తింటాయి కదా అని యేసుకే ఎదురు చెప్పి, బిడ్డకు ఆరోగ్యం సాధించుకున్న సురోఫెనికయ తల్లి కథను, దొర గడి ముందు మిగిలిన అన్నం కోసం నిలబడ్డ అవ్వ మనవరాలు రాస్తే ఎట్లుంటుంది?

దేవుని కథల్లో చేయి పెట్టవచ్చా అని కొందరు అక్కలు అడుగుతారు. వాళ్ల విశ్వాసం మీద నాకు గౌరవముంది. మనం సువార్తను దిద్దడం లేదు. ఇది కథ, నేను ఊహించిందని మొదటే చెప్పి రాస్తున్నాం. అట్లా చెప్పకుండా మూడు బతుకుల్ని ఒకటి చేసిన ప్రసంగం కంటే ఇదే నిజాయితీ గల పని.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. యేసును గొప్పగా చూపడానికి యూదులందరినీ స్త్రీలను తొక్కిన దుర్మార్గులుగా రాయడం చాలామంది చేశారు. మరియ, మార్త, యోహన్న అందరూ యూదు స్త్రీలే. ఒక జాతిని తిట్టి స్త్రీకి న్యాయం చేయలేం. ఇంకొకటి, ఆమెకు ఒక ప్రేమకథ తగిలిస్తే స్వేచ్ఛ వచ్చినట్టు కాదు. ఆమె ఏం పనిచేసింది, ఏం తిన్నది, ఎవరికి బాకీ పడింది, ఎవరితో పోట్లాడింది, అవి రాయండి.

చివరిగా ఒక కోరిక. వచ్చే సమావేశానికి మీలో రాయగలిగినవాళ్లు ఒక్కొక్కరూ సువార్తల్లోని ఒక పేరులేని స్త్రీని ఎంచుకుని, ఆమె మర్నాటి కథ రెండు పేజీలు రాసి తీసుకురండి. రాయడం రానివాళ్లు చెప్పండి, పక్కనున్న చెల్లె రాస్తుంది. చెప్పినట్టే, మన భాషలోనే రాయాలి, దిద్దవద్దు. కింద మీ పేరు పెడతారా, పెట్టరా అన్నది మీ ఇష్టం. కానీ కథలోని ఆమెకు మాత్రం తప్పకుండా ఒక పేరు పెట్టండి. మీ అమ్మ పేరు పెట్టండి, మీ అవ్వ పేరు పెట్టండి. మెట్‌పల్లి వైపు ఆ ముసలమ్మ దగ్గరికి నేను మళ్లీ పోవాలి. ఈసారి ఆమె అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబుండాలి.