రాజమండ్రిలో సాహిత్య సభ: రూములు ఎవరు చూస్తారు?

ఈ రోజు టాపిక్ కొంచెం వింతగా ఉంటుంది, ఓపిగ్గా వినండి.

మా సాహితీ బృందంలో ముప్ఫై మందిమి ఉంటాం. ఏడాదికోసారి ఒక శని, ఆదివారాలు ఏదో ఒక ఊళ్ళో కలుస్తాం. కథలు చదువుకుంటాం, వాదించుకుంటాం, బాగా తింటాం. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదరా, రూములు నువ్వే చూడు" అని ఆ పని నాకు తగిలించారు.

పోయినసారి రాజమండ్రి అనుకున్నాం. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు అక్కడే, ఆయన పేరున్న టౌన్‌హాల్ అక్కడే, గౌతమీ గ్రంథాలయం అక్కడే. పక్కనే గోదావరి. ఇంకేం కావాలి? యాప్ ఓపెన్ చేశా. రేటింగ్ నాలుగుకి పైన, రేటు తక్కువ అని ఫిల్టర్ పెట్టా. పావుగంటలో పదిహేను రూములు బుక్ చేసి కాలర్ ఎగరేశా.

శనివారం పొద్దున్న విజయనగరం నుంచి మాస్టారు వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు, డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆయన రూము మూడో అంతస్తులో. లిఫ్ట్ లేదు. గోడ పట్టుకుని ఎలాగో ఎక్కారు. తీరా చూస్తే కింద కూర్చునే టాయిలెట్. "పర్లేదు బాబూ, నువ్వు కంగారుపడకు" అన్నారు. భోజనాలయ్యాక చూస్తే మనిషి లేరు. ఫోన్ చేస్తే రైల్లో ఉన్నానన్నారు. ఆదివారం ఆయన కొత్త కథ చదవాలి. ఆ కాగితాలు సంచిలోనే వెనక్కి వెళ్ళిపోయాయి.

ఆ రాత్రే ఇంకోటి. మాలో పీజీ చదివే అమ్మాయి ఉంది. బస్సు లేటై, పదింటికి లాడ్జికి చేరింది. "ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకి రూమ్ ఇవ్వం" అన్నాడు కౌంటర్‌లో ఆయన. బుకింగ్ ఉంది, ఆధార్ ఉంది, అయినా సరే. 1881లో వీరేశలింగం గారు ఎదురుగాలిలో నిలబడి వితంతు వివాహం జరిపించిన ఊరండీ ఇది! నలుగురం వెళ్ళి గట్టిగా అడిగితే గానీ తాళం ఇవ్వలేదు.

అప్పుడు నాకు ఎక్కింది. పిలవడానికి అందర్నీ పిలుస్తాం. చివరిదాకా ఉండగలిగేది ఎవరో రూమే తేలుస్తుంది.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మార్చా. ముందు లాడ్జికి కాదు, మనవాళ్ళకి ఫోన్ చేస్తా. మెట్లు ఎక్కగలరా, ఎవరితో షేర్ చేసుకుంటారు, ఏ టైముకి దిగుతారు? ఆ తర్వాత లాడ్జి. కింద రూములెన్ని, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, ఆడవాళ్ళు ఒక్కరే వస్తే ఇస్తారా? ఆ జవాబు వాట్సాప్‌లో రాయించుకుంటా. రాత్రి డ్యూటీలో ఉండే మనిషికి అదే చూపించొచ్చు.

రెండోది, చెక్-ఇన్ లెక్క. శనివారం పొద్దున్న ఆరింటికి దిగి ఆదివారం రాత్రి ఎనిమిదికి బయల్దేరతాం అనుకోండి. ఇరవై నాలుగు గంటల లెక్క ఉన్న లాడ్జిలో రెండు రోజుల అద్దె. మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు లెక్కయితే మూడు రోజులు పడొచ్చు! అలాంటి చోట ఆదివారం మధ్యాహ్నం అన్నీ ఖాళీ చేసేసి, సామాన్లకి, పెద్దవాళ్ళు నడుం వాల్చడానికి రెండు రూములు ఉంచుకుంటే చాలు. కన్ఫర్మ్ అయిన టికెట్ గానీ ఆర్‌ఏసీ గానీ ఉంటే రైల్వే రిటైరింగ్ రూములకి ఆ పీఎన్‌ఆర్ మీదే ప్రయత్నించొచ్చు.

మూడోది, పంచాంగం. నవ్వకండి! పెళ్ళి ముహూర్తాలున్న వారం రూములు దొరకవు, దొరికినా రేటు మండిపోతుంది. ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు, అప్పుడు కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి. కింద హాల్లో సభ, పైన రూముల్లో పడక, ఒకటే బేరం. ఆషాఢంలో వానలు, గోదావరికి వరద. అందుకని మేం పుష్యమే ఎంచుకున్నాం, సంక్రాంతి రద్దీ తగ్గాక.

అవును, మళ్ళీ రాజమండ్రే. ఈసారి నేనే వెళ్ళి రూములు చూసొచ్చా. మొదటి ఫోన్ మాస్టారికి. "మాస్టారూ, మీ రూము కిందే, వెస్టర్న్ టాయిలెట్ ఉంది, హాలు పది అడుగుల దూరం" అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "కథకి ఎన్ని నిమిషాలు ఇస్తావు బాబూ?"

ఎన్ని కావాలంటే అన్ని మాస్టారూ.

మీరూ ఎప్పుడైనా పదిమందికి రూములు చూడాల్సి వస్తే, రేటింగ్ కంటే ముందు ఆ పదిమందికీ ఒక్కో ఫోన్ కొట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!