పంటి గార తీయువారు

పంటినొప్పి వచ్చినవాడు ఎప్పుడు తెల్లవారునా యని కాచుకొనియుండును. నొప్పి తగ్గినవాడు ఆ సంగతినే మఱచిపోవును. మన యిండ్లలో దంతవైద్యునితో పరిచయము సామాన్యముగా ఈ రెంటి నడుమనే జరుగును. లవంగనూనె తడిపిన దూది పెట్టి, ఉప్పునీరు పుక్కిలించి, ఇక తాళలేనప్పుడు పరుగెత్తుదుము. అప్పటికి మిగిలిన మార్గము తఱచుగా పీకుటయే. ఈ పూట నేను ముచ్చటింపదలచినది పన్ను పీకువారిని గూర్చి కాదు. పీకవలసిన అవసరము రాకుండ చూచుటయే వృత్తిగా గలవారిని గూర్చి. వారిని డెంటల్ హైజీనిస్టు లందురు.

మన పెద్దలు నోటిని ఉపేక్షించినవారు కారు. వేపపుల్ల, కానుగపుల్ల, కచ్చిక, ఉప్పు, నాలుకబద్ద - ఇవి లేని యిల్లు ఒకప్పుడు లేదు. పండ్లు తోముకొననిదే కాఫీచుక్కయైన ముట్టనివారు నేటికిని కలరు. అయినను పుల్ల చేరని చోటులు నోటిలో నున్నవి. పండ్ల సందులలోను, చిగుళ్ళ అంచులను సూక్ష్మజీవులు మెత్తని పొరగా పెరుగును. ఏ నాటి పొర నా నాడే తోమినచో పోవును. కొన్ని దినములు విడిచినచో లాలాజలములోని సున్నపు లవణములు దానిలో చేరి రాయివలె గట్టిపడును. దానినే గార యందుము. గట్టిపడిన గార ఎంత తోమినను రాదు. బొగ్గుపొడితో, ఇటుకపొడితో రుద్దినచో అరుగునది పంటి పింగాణియే గాని గార కాదు. పనిముట్టుతో గీకి తీయవలసినదే.

గీకించినచో పండ్లు వదులగునని మనలో ఒక భయము పాతుకొనియున్నది. నిజము వేఱు. వ్యాధివలన చిగురు, ఎముక క్షీణించి ఆధారము కోల్పోయిన పంటిని గారయే బంకవలె పట్టియుంచును. గార పోగానే అంతకుముందే యున్న వదులు బయటపడును. నింద మాత్రము గీకినవారిపై పడును! మఱొక మాట: నల్లగొండ ప్రాంతమున ఫ్లోరైడు నీటివలన పండ్లపై వచ్చు గోధుమరంగు చారలు గార కాదు. అవి పింగాణి లోపలివి. వానిని గీకించి ప్రయోజనము లేదు. అచట మార్చవలసినది త్రాగు నీరు.

ఇక నోటికిని దేహమునకును గల సంబంధము. ఈ విషయమున అతిశయోక్తి ఎంత కీడు చేయునో చెప్పుటకు ఒక కథ యున్నది. 1910లో లండను వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్ నగరమున ఒక ఉపన్యాస మిచ్చుచు, నోటిలోని చీము సర్వరోగములకు మూలమన్నట్లు మాట్లాడెను. తరువాత రెండు మూడు దశాబ్దములు కీళ్ళనొప్పి మొదలు మతిభ్రమణము వఱకు ఏ జబ్బు వచ్చినను పండ్లు పీకివేయుట ఒక వేలంవెఱ్ఱి యయ్యెను. లెక్కలేనన్ని మంచి పండ్లు ఊరక పోయినవి. కావున నేటి పరిశోధకులు ఆచితూచి మాట్లాడుచున్నారు. మధుమేహమునకును చిగుళ్ళ వ్యాధికిని సంబంధము రెండు వైపుల నున్నదని మాత్రము స్థిరపడినది. చక్కెర అదుపు తప్పినచో చిగుళ్ళు చెడును. చిగుళ్ళకు చికిత్స చేసినచో రక్తములోని చక్కెర కొంత తగ్గును. గుండెజబ్బు విషయము అట్లు కాదు. చిగుళ్ళ వ్యాధి గలవారిలో గుండెజబ్బు హెచ్చుగా కనబడుట నిజమే గాని, మొదటిది రెండవదానికి కారణమని ఋజువు కాలేదని అమెరికా హృద్రోగ సంఘమువారు 2012లో ప్రకటించిరి. పండ్లు శుభ్రపరచి గుండెను కాపాడెద మనువారి ప్రకటనలను శ్రోతలు కొంచెము సందేహముతోనే చదువవలెను.

హైజీనిస్టు వృత్తి పుట్టినది అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, బ్రిడ్జిపోర్టు పట్టణమున. అచటి దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1906లో తన వద్ద పనిచేయు ఐరీన్ న్యూమన్ అను యువతికి గార తీయుట, పండ్లకు మెఱుగు పెట్టుట నేర్పెను. పుచ్చిన పంటిని బాగుచేయుటకంటె పుచ్చకుండ చూచుట మేలనియు, ఆ పనికి ఓర్పు గల ప్రత్యేక శిక్షితులు కావలెననియు ఆయన నమ్మెను. 1913లో తన గుఱ్ఱపుబండి శాలనే బడిగా మార్చి స్త్రీలకు పాఠములు చెప్పించెను. తొలి జట్టువారిలో పలువురు పట్టణపు పాఠశాలలలో నియుక్తులైరి. వారు పిల్లల పండ్లు శుభ్రపరచుటయే గాక కుంచె పట్టుట నేర్పిరి. రోగి వైద్యునికడకు పోవుట లోకరీతి. ఇచట సేవకురాలే పిల్లవాని బడికి పోయెను. ఈ వృత్తికి ప్రాణ మిదియే యని నా తలంపు.

కాని ఆ తరువాతి చరిత్ర చూడుడు. బడికి పోవుటకు పుట్టిన వృత్తి, చాలచోట్ల దంతవైద్యుని గది గోడల నడుమనే నిలిచిపోయెను. దంతవైద్యుడు ముందుగా పరీక్షింపనిదే హైజీనిస్టు ఎవరి పంటిని ముట్టరాదని నిబంధనలు వచ్చినవి. దక్షిణ కెరొలైనా రాష్ట్రపు శాసనసభ 2000లో బడిపిల్లల విషయమున ఈ షరతును తొలగించెను. మఱుసటి యేటనే అచటి దంతవైద్య మండలి అత్యవసర నిబంధనమున దానిని తిరిగి తెచ్చిపెట్టెను. అందువలన వేలకొలది బీదపిల్లలకు సేవ అందకపోయెనని ఆరోపించుచు, పోటీని కాపాడు బాధ్యత గల ఫెడరల్ ట్రేడ్ కమిషను 2003లో మండలిపై అభియోగము తెచ్చెను. అది 2007లో రాజీతో ముగిసెను. పిల్లవాని పంటిమీది గార ఏండ్ల తరబడి న్యాయవాదుల చేతిలో నానినది!

దంతవైద్యుల అభ్యంతరమును తేలికగా తీసివేయరాదు. పైకి శుభ్రముగా నున్న పంటి క్రింద చీముగడ్డ యుండవచ్చును. దానిని పోల్చుకొనుటకు దీర్ఘమైన చదువు కావలెను. స్వతంత్ర హైజీనిస్టు రోగికి, వ్యాధికి నడుమ తెరవలె నిలువరాదని వారి మాట. ఇది సరియైన మాటయే. అయితే దంతవైద్యుడే లేనిచోట తెర యెక్కడిది? కాలిఫోర్నియాలో ప్రత్యేక శిక్షణ పొందిన హైజీనిస్టులు మంచముపట్టినవారి యిండ్లకు, వృద్ధాశ్రమములకు, బడులకు, దంతవైద్యులు తక్కువగా నున్న ప్రాంతములకు స్వయముగా పోవుచున్నారు. కొలరాడోలో 1980ల దశకముననే స్వంత శాలలు తెఱచుటకు అనుమతి లభించెను. నెదర్లాండ్సులో 2006 నుండి, బ్రిటనులో 2013 నుండి రోగి నేరుగా హైజీనిస్టు వద్దకు పోవచ్చును. ఈ స్వాతంత్ర్యము శస్త్రము పట్టుటకు కాదు. శుభ్రపరచుటకు, చూచుటకు, అనుమానము కలిగినప్పుడు దంతవైద్యునికి పంపుటకు మాత్రమే.

మన దేశమున ఈ పదము కొత్తది కాదు. 1948 నాటి దంతవైద్యుల చట్టమే హైజీనిస్టును గుర్తించి, గార తీయుట, శుభ్రపరచుట, మెఱుగు పెట్టుట, దంతశుచిని బోధించుట ఆ వృత్తి ధర్మములని నిర్వచించెను. కాని ఆ పేరు విన్న శ్రోతలు మనలో ఎందరు? ఉన్న కొద్దిమంది దంతవైద్యుల శాలలలోనే పనిచేయుచున్నారు. మన దంతవైద్య కళాశాలలనుండి ఏటేట పట్టభద్రులు వచ్చుచున్నను, వారి పలకలు పట్టణపు వీథులలోనే హెచ్చుగా కనబడును.

పల్లెలలో నోటిలోనికి చూచువా రెవరు? ఈ ప్రశ్న గార కొఱకే కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్టను నిప్పువైపు నోటిలో నుంచి పీల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. స్త్రీలలో ఇది మఱింత హెచ్చు. నిప్పువేడి అంగిలిని కాల్చుచుండును. తెల్లని మచ్చలు వచ్చును. వానిలో కొన్ని పుట్టకుఱుపుగా, అనగా క్యాన్సరుగా మాఱును. 1971లో ప్రకటితమైన ఒక పరిశీలనమున పరిశోధకులు ఆ ప్రాంతపు 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను చూచిరి. అంగిలిపై మచ్చ నొప్పి కలిగింపదు. నొప్పి లేని యామె పట్టణమునకు రాదు. బ్రిడ్జిపోర్టు బడులలోవలె దీపము, అద్దము పట్టుకొని ఊరికి వచ్చి, నోరు తెఱువుమని యడుగువారు ఉండినచో ఆ మచ్చ సకాలమున కనబడును.

అట్టివారు వచ్చులోపల, ఇంటిలో పెద్దవారు గలవారికి ఉపయోగించు సంగతి యొకటి చెప్పెదను. జపానులో 11 వృద్ధాశ్రమములలో రెండేండ్లు జరిగిన పరిశోధనము 1999లో వెలువడెను. ఒక వర్గమువారికి ప్రతి భోజనానంతరము పరిచారకులు అయిదు నిమిషములు పండ్లు తోమిరి. వారమున కొకసారి దంతవైద్యుడో, హైజీనిస్టో వచ్చి శుభ్రపరచెను. రెండవ వర్గమువారికి అట్టి యేర్పాటు లేదు. ఈ రెండవవారిలో నూటికి 19 మందికి, మొదటివారిలో నూటికి 11 మందికి న్యుమోనియా వచ్చెను. నోటిలోని సూక్ష్మజీవులు లాలాజలముతో ఊపిరితిత్తులలోనికి జాఱుటయే దీనికి మూలము. కావున మంచముపట్టిన వారిని తలయెత్తి కూర్చుండబెట్టి, మెత్తని కుంచెతో పండ్లు, చిగుళ్ళు, నాలుక తుడువవలెను. నీరు కొద్దిగానే వాడవలెను, పొలమాఱకుండ. పండ్లు లేనివారికి తడిగుడ్డ చాలును. కట్టుడుపండ్లను రాత్రి పడుకొనుటకు ముందు తప్పక తీసి, కుంచెతో తోమి, నీటిలో నుంచవలెను.