ఆగగల డబ్బు, నిలబడే కాగితం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్థలాలు కొనడం గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు అడిగినప్పుడు మేము కాస్త తటపటాయించాం. మేము వ్యాపారులం కాము. భార్యాభర్తలిద్దరం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఇరవై ఏళ్లకు పైగా జీతం రాళ్లు కూడబెట్టి కొన్నవి మూడే: ఒక ఇంటి స్థలం, ఒక చిన్న దుకాణం గది, ఒక ప్లాటు. మొదటి రెండూ మాకు మేలు చేశాయి. మూడోది పాఠం నేర్పింది. ఆ పాఠం నుంచే మొదలుపెడతాం.

మన ఇళ్లలో నాలుగు రూపాయలు మిగిలితే మనసు ముందుగా స్థలం మీదికే పోతుంది. బ్యాంకు వడ్డీ వద్దనుకునే ఇంట్లో మరీను. అందులో తప్పేమీ లేదు. అయితే భూమికి ఒక గుణం ఉంది. అది మేత అడగదు, పాలూ ఇవ్వదు. మనకు డబ్బు కావలసిన రోజున అది పలకదు.

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని పూలింగులో ఇచ్చారు. గుంటూరు చుట్టుపక్కల టీ కొట్టు దగ్గర కూడా గజం ధర తప్ప వేరే మాట లేదు. 2016లో మా ఖాలాగారి అబ్బాయి ఇంటికొచ్చి, "భాయ్, ఇంకా ఆలోచనేమిటి? వచ్చే నెలకు గజానికి వెయ్యి పెరుగుతుంది" అన్నాడు. 200 గజాలు, గజం 9 వేలు. పీఎఫ్ డబ్బు తీశాం, చీటీ పాడాం, అమ్మాయి చదువుకని దాచిన గాజులు అమ్మాం. 18 లక్షలు కట్టాం. కాగితాలు చూసుకున్నాం, అవి సరిగ్గానే ఉన్నాయి. ఆ డబ్బు ఎన్నేళ్లు ఆగగలదన్నది మాత్రం చూసుకోలేదు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. కొనేవాళ్లు మాయమయ్యారు. 2020లో మా అమ్మాయికి ఫార్మ్-డిలో సీటు వచ్చింది. ఆరేళ్ల చదువు, ఏటా ఫీజు. ప్లాటు అమ్ముదామని తిరిగితే గజం 4 వేలకు అడిగారు, అదీ వాయిదాల మీద. స్కాలర్‌షిప్ అడుగుదామంటే, భూమి ఉన్నవాళ్లం కదా అని సిగ్గు. అమ్మాయి మా ముఖాలు చూసి, "అబ్బా, నేను ఇక్కడే బీఎస్సీ చేస్తాలే" అంది. చేసింది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చింది, 2024లో ప్రభుత్వం మారింది, 2025 మే నెలలో రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. ప్లాటు ధర కూడా లేచింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే లాభమే అంటారు. ఆ సీటు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే మేము చెప్పే మొదటి మాట ఇది. ఐదేళ్లలోపు అవసరమయ్యే డబ్బు భూమిలో పెట్టకండి. పిల్లల ఫీజు, పెళ్లి, హజ్ కోసం దాచింది, అమ్మానాన్నల వైద్యానికని ఉంచింది, వీటిని పక్కన పెట్టాక మిగిలిందే భూమికి. లెక్క కూడా సరిగ్గా వేసుకోండి. పదేళ్లలో ధర రెండింతలైందని సంతోషిస్తాం. అది ఏడాదికి సుమారు 7 శాతమే. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇందులోంచి తీసేయాలి. మా దుకాణం గది ధర అంతగా పెరగలేదు. కానీ నెలనెలా అద్దె వస్తోంది. ఆ అద్దెతోనే మా అబ్బాయి చదువు గడిచింది. ఏటా ఒక నెల అద్దె ఈ సొసైటీకి ఇవ్వగలుగుతున్నాం, అల్‌హందులిల్లాహ్.

రెండో మాట కాగితం గురించి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పును రాతలో పెట్టుకోవడం గురించి, సాక్షుల గురించి అని ఇక్కడ అందరికీ తెలుసు. అయినా మనవాళ్లలో "మాట చాలు, మనవాడే కదా" అనే అలవాటు పోలేదు. మనవాడే అమ్మినా కాగితం అడగండి. మంచివాడైతే కోపగించుకోడు.

ఏమేం చూడాలి? అమ్మేవాడి దస్తావేజు ఒక్కటే చాలదు, అతనికి ఎవరినుంచి వచ్చిందో ఆ లింకు దస్తావేజులన్నీ చూడాలి. ఈసీ తీయించాలి. కంప్యూటరులో దొరికేది 1983 నుంచే. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. పొలమైతే అడంగల్, 1-బి చూడాలి. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ అంటారు. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి అందులో ఉంటాయి. వక్ఫ్ భూమిని తెలియక కొన్నా అది మనది కాదు. తెలిసి కొంటే పైన కూడా జవాబు చెప్పుకోవాలి. చెరువు పక్క స్థలమైతే వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. ఎండాకాలంలో ఏ చెరువైనా మైదానంలాగే కనిపిస్తుంది.

నోటరీ కాగితం మీద, జీపీఏ మీద ఇళ్లు కొనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తక్కువకు వస్తుంది కదా అని. జీపీఏ అమ్మకంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. మనం ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, చిక్కు మన పిల్లలకు వస్తుంది.

ప్రీ-లాంచ్ అని బ్రోచర్ చూపించేవాళ్లను రెరా నంబరు అడగండి. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఔటు గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన కట్టడం గానీ రిజిస్టరు కాకుండా అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఇక నగదు. స్థలం లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కు ఇవ్వండి. రేపు గొడవ వస్తే మన తరఫున మాట్లాడేది ఆ బ్యాంకు పాసుపుస్తకమే.

మూడో మాటే అన్నిటికంటే ముఖ్యమని మేము అనుకుంటాం. ఈ భూమిలో ఇంకెవరి హక్కయినా ఉందా?

2004లో మా ఇంటి స్థలం కొన్నప్పటి సంగతి. తండ్రి చనిపోయిన ఇల్లు. తల్లి అంతకుముందే పోయింది. ఇద్దరు అన్నదమ్ములు, ముగ్గురు అక్కచెల్లెళ్లు. ధర మూడున్నర లక్షలు. అన్నదమ్ములిద్దరే సంతకానికి వచ్చారు. "చెల్లెళ్లు వద్దన్నారు" అన్నారు. మేమూ సరే అనబోయాం. దస్తావేజు రాసే పెద్దాయన కలం కింద పెట్టి, "మాస్టారూ, ఆ మాట వాళ్లను వచ్చి చెప్పమనండి" అన్నారు.

వెళ్లాం. ఇద్దరు ఊళ్లోనే ఉన్నారు. మూడో ఆమె కడపలో. కుట్టుమిషను మీద బతుకు, ఇద్దరు పిల్లలు. ఇల్లు అమ్ముతున్నారన్న సంగతే ఆమెకు తెలియదు. మేము చెప్పాక కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అబ్బాజాన్ గదికి తాళం ఎవరేశారు?" అని అడిగింది.

లెక్క చిన్నదే, మా ఏడో తరగతి పిల్లలు చేస్తారు. కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. మొత్తం ఏడు పాళ్లు. కూతురికి 50 వేలు, కొడుకుకు లక్ష. రిజిస్ట్రేషన్ రోజు ఆమె కడప నుంచి వచ్చింది. ఐదుగురూ సంతకాలు చేశారు. ఆఫీసు వరండాలోనే ఎవరి చెక్కు వాళ్ల చేతికి ఇచ్చాం. ఇరవై ఏళ్లు దాటింది. ఆ స్థలం మీద ఇంతవరకు ఎవరూ మా గుమ్మం ఎక్కి అడగలేదు. ఆ పెద్దాయన చెప్పకపోతే, ఇంకొకరి హక్కు మీద మేము నమాజు చాప పరుచుకునేవాళ్లం.

కాబట్టి కొనేటప్పుడు వారసులందరి సంతకాలు అడగండి. అమ్మేటప్పుడు అక్కచెల్లెళ్ల పాలు ముందు పక్కన పెట్టండి. నిజంగానే ఆమె మనస్ఫూర్తిగా వదులుకుంటే, ముందు ఆమె వాటా ఎంతో ఆమెకు చెప్పి, తర్వాత హక్కు విడుదల దస్తావేజు రాయించండి. నోటిమాటతో హిబా చెల్లుతుందని మన ధర్మశాస్త్రం చెప్పినా, దాన్ని రాసి పెట్టండి. మనం పోయాక సాక్షులూ ఒక్కొక్కరే పోతారు.

జకాత్ సంగతీ ఇక్కడే చెప్పాలి. ఉండే ఇంటి మీద జకాత్ లేదు. అద్దె కోసం కొన్నదాని మీద, ఖర్చులు పోగా మిగిలి ఏడాది నిలిచిన అద్దెను లెక్కలోకి తీసుకుంటాం. కానీ తిరిగి అమ్ముకుందామనే ఉద్దేశంతోనే కొన్న ప్లాటును సరుకుగా లెక్కగట్టాలి. ఆ రోజు బజారు ధర మీద రెండున్నర శాతం. 20 లక్షల ప్లాటుకు 50 వేలు. "అమ్మాక ఇద్దాంలే" అని మేమూ కొన్నేళ్లు మరిచిపోయాం. తర్వాత ఒక ఆలిమ్‌గారిని అడిగి, వెనక లెక్క వేసుకుని తీర్చాం. మీ మీ సంగతులు మీరూ మీ ఆలిమ్‌లను అడిగి తెలుసుకోండి.

మేము బడివాళ్లం కనుక ఇంటిపని ఇవ్వకుండా వదలలేం. ఈ రాత్రి ఇంటికి వెళ్లి బీరువా తీయండి. దస్తావేజులన్నీ బయట పెట్టండి. ఏ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకు, పెద్ద పిల్లలకు చూపించండి. ఒక్కో దస్తావేజు చూసి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో పెట్టిన డబ్బు ఆగగలదా? ఈ కాగితం నిలబడుతుందా? ఇందులో ఎవరి పాలైనా బాకీ ఉన్నామా? మూడో ప్రశ్నకు ఎవరి పేరైనా గుర్తొస్తే, తెల్లారేదాకా ఆగకుండా వాళ్లకు ఫోన్ చేయండి.

మా అమ్మాయి ఇప్పుడు బీఎడ్ చేసి మా బడికి దగ్గరలోనే పాఠాలు చెబుతోంది. ఆ ప్లాటు అమ్మకానికి పెట్టాం. ఇన్షా అల్లాహ్ అమ్ముడుపోతే, ముందు ఆమె గాజుల డబ్బు ఆమె చేతిలో పెడతాం. మిగిలిన సంగతి తర్వాత.