చదును పాదము – కీళ్లపై దాని భారము
(పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



"చదును పాదము" అను మాటను ఉద్దానపు గ్రామములలో పెక్కుమంది పెద్దలు, సైన్యపు భర్తీకి పోయి తిరిగివచ్చిన కుర్రవాని నోటనే తొలుత వినియుందురు. ఆ పాదముతోనే నలుబది యేండ్లు కొబ్బరి తోటలలో బరువులు మోయు మనిషిని గూర్చి నేడు చెప్పదలచితిమి.

పాదమున 26 ఎముకలు, 33 కీళ్లు కలవు. మడమ నుండి బొటనవ్రేలి మొదలు వరకు లోపలి ప్రక్కనుండు వంపు వీనిని కమానువలె నిలుపును. పిక్క లోతు నుండి చీలమండ లోపలి ప్రక్కగా దిగివచ్చు ఒక స్నాయువు ఆ కమానును పైకి లాగి పట్టియుంచును. అది సాగి బలహీనపడినచో వంపు క్రుంగును. మడమ వెలుపలికి ఒరగును. చీలమండకు అడుగుననుండు ఎముక లోపలికి జారును. మొదట నొప్పి, వాపు లోపలి ప్రక్కన కనబడును. ఏండ్లు గడచిన పిమ్మట నొప్పి వెలుపలి ప్రక్కకు మారును. ఏలయన అచట ఎముకకు ఎముక ఒరసికొనును. మడమ పైని కీలు బిగిసికొనిపోవును. కడపట చీలమండ కీలే ఒరగి, అందలి మృదులాస్థి ఒక ప్రక్కనే అరిగిపోవును. ఇరుసు వంగిన బండి చక్రము ఒకవైపే అరుగుట మీరెరుగనిది కాదు.

పసిబిడ్డల పాదము చదునుగా నుండుట సహజము. వయసుతో వంపు ఏర్పడును. 1992లో ప్రచురితమైన, కర్ణాటకలో 2,300 మంది పిల్లలపై జరిగిన పరిశీలనలో, పాదరక్షలు వాడినవారిలో నూటికి 8.6 మందికి, వాడనివారిలో 2.8 మందికి మాత్రమే ఈ లోపము కనబడెను. కావున ఇసుకలో వట్టికాళ్లతో ఆడుకొను పిల్లవానిని గూర్చి దిగులు వలదు. అట్లని ముళ్లలో నడువుమని మా భావము కాదు!

మునివ్రేళ్లపై నిలిచినపుడు వంపు తిరిగి కనబడి, నొప్పి లేకున్నచో భయము లేదు. సైన్యపు వైద్యులును దీనినే చూతురు. నడివయసులో ఒక పాదము క్రొత్తగా క్రుంగినను, ఆ ఒంటికాలి మునివ్రేళ్లపై లేవలేకున్నను ఆలస్యము చేయరాదు. మధుమేహము గలవారికి పాదము వాచి వేడెక్కినచో, నొప్పి లేకున్నను అది అత్యవసరమే.

ఇక మా అసలు భయము వేరు. పలాస జీడిపప్పు కర్మాగారములలో గాని, తోటలలో గాని దినమెల్ల నిలిచి పనిచేసినవారు సాయంకాలము మందుల కొట్టుకు పోయి నొప్పి బిళ్లలు కొని మ్రింగుచుందురు. డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు మూత్రపిండములకు రక్తప్రసారమును తగ్గించును. ఎండలో చెమటోడ్చి, చాలినంత నీరు త్రాగనివారికి మరింత కీడు. మూత్రపిండ వ్యాధి ఇంటింటికి తెలిసిన ఉద్దానమున, 2023 డిసెంబరులో పలాసయందు ఆ వ్యాధికే 200 పడకల ఆసుపత్రి తెరువవలసి వచ్చిన ఈ ప్రాంతమున, కాలినొప్పికి ఆ బిళ్ల మ్రింగుట ఎంత ప్రమాదమో యోచింపుడు. బిళ్ల నొప్పిని అణచునే గాని క్రుంగిన వంపును లేపదు. తొలిదశలో వంపునకు ఆనిక గల పాదరక్ష, పిక్క కండరమును సాగదీయు వ్యాయామము, కొంత విశ్రాంతి మేలు చేయును. కీలు బిగిసిన పిమ్మట శస్త్రచికిత్స తప్పకపోవచ్చును.

మీ గ్రామమున నిలిచి పనిచేయు చోట్ల పీటలు వేయించుడు. కాలినొప్పికి ఎవరెవరు బిళ్లలు వాడుచున్నారో ఆశా కార్యకర్తచే విచారింపజేసి, వారిని ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అవసరమైనచో టెక్కలి ఆసుపత్రికి పంపుడు. బిళ్ల వ్రాయునపుడు మూత్రపిండముల మాట వైద్యునికి చెప్పుట మరువవలదని వారికి చెప్పి మరీ పంపుడు.