పాత పడవకు కొత్త రంగు చాలదు

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గుడియాత్తములో మా దుకాణము వెనుక దొడ్డిలో బోర్లించియున్న 16 అడుగుల ఫైబరు మోటారు పడవను మీలో పెక్కుమంది చూచియున్నారు. దానికై చందాలిచ్చినవారును ఈ సభలో నున్నారు. “వానలు దగ్గరపడినవి గదా, పడవ ఎప్పుడు నీట దిగును? రంగు వేసిన చాలదా?” అని వారడుగుచున్నారు. అది న్యాయమైన ప్రశ్న. బదులు మొదటనే చెప్పుచున్నాము: ఈ యేటి ఈశాన్య ఋతుపవనమునకు పడవ సిద్ధము కాదు, తొందరపడి సిద్ధము చేయుటయు తగదు. కారణములు విన్నవించెదము.

పాలారులో పడవకు పనియేమని నవ్వువారు కలరు. కర్ణాటకమున నంది కొండలలో పుట్టి, చిత్తూరు సీమను దాటి, మన వేలూరు మీదుగా సముద్రమునకు పోవు ఆ నది పొడవు 348 కిలోమీటర్లు. ఏడాదిలో అధిక భాగము అందు కనబడునది ఇసుకయే. పలమనేరు వైపునుండి దిగి, మోర్ధానా జలాశయము దాటి గుడియాత్తమునకు వచ్చు కౌండిన్య నదియు అట్టిదే. కాని 2021 నవంబరులో ఆ రెండు నదులును తమ తావు తమదేయని చూపినవి. నది ఎండినదని నమ్మి గట్టున ఇల్లు కట్టుకొన్నవారి వాకిళ్లలోనికి నీరు వచ్చినది. అట్టి దినములలో వీధులలో నిలిచిన నీటిమీద ముసలివారిని, బాలింతలను మెట్ట తావునకు చేర్చుటకు చిన్న పడవ యొకటి యుండవలెనన్నది మన తలంపు. ఉరవడిగా పారు నీటిలోనికి దిగుట అగ్నిమాపక దళమువారి పనిగాని మన పని కాదు. ఈ హద్దును ఎల్లరును జ్ఞప్తియందుంచుకొనవలయును.

మన పడవ నెల్లూరు తీరమునుండి వచ్చినది. తెలుగు తీరమున పూర్వము కొయ్య నావలు, తెప్పలే ఉండెడివి. గాజునారను రెజినులో తడిపి పడవ చేయు విద్య అమెరికాలో 1940 ప్రాంతమున పుట్టినది. మన తీరములకు అది నెమ్మదిగా వచ్చినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1979లో చెన్నపట్టణము కేంద్రముగా నెలకొల్పిన బంగాళాఖాత కార్యక్రమమువారు అలలను దాటి ఒడ్డుకు దిగదగిన కొత్త పడవలను జాలరులతో కలిసి పరీక్షించిరి. 2004 డిసెంబరు 26 సునామీలో నావలు పోయిన పిమ్మట ఫైబరు పడవలు ఊరూర నిండినవి. కొయ్యవలె పుచ్చదు, పురుగు తినదు గనుక ఫైబరునకు చావు లేదను నమ్మకము ప్రబలినది. అందు సగమే నిజము.

గుడియాత్తమువారికి ఈ సంగతి చెప్పుట సులభము. నేతగాడు పడుగుకు గంజి పట్టించును. బలము నూలుది, పట్టు గంజిది. ఫైబరు పడవలోను బలము గాజునారది, పట్టు రెజినుది. ఈ రెండును విడిపోయినచో పైకి గట్టిగా కనబడుచున్నను లోన పొరలు పొరలుగా నుండును. అదిగాక పడవ లోపల అడుగున పోవు నిడుపు దూలములును, మోటారు తగిలించు వెనుక పలకయు పెక్కు పడవలలో కొయ్యవే. దానిమీద ఫైబరు తొడుగు మాత్రముండును. మేకు రంధ్రము గుండా నీరు దిగినచో తొడుగు చెడకుండగనే లోని కొయ్య కుళ్లును.

పాతదని తెలిసియే ఈ పడవను కొంటిమి. అమ్మినవారు దట్టముగా లప్పము మెత్తి, మెరయు నీలిరంగు పూసి ఇచ్చిరి. వారి పేరు మనకనవసరము. దొడ్డికి తెచ్చినది మొదలు మేము చేసిన పరీక్షలు నాలుగు. మొదటిది, చిన్న కొయ్య సుత్తితో జానెడుకొక తావున తట్టుట. మంచి తావున కుండను తట్టినట్లు ఖంగుమనును; పొరలు విడిన తావున బొద్దుగా పలుకును. అడుగున రెండు తావులు అట్లు పలికినవి. రెండవది, రంగు గీకి బొబ్బలు చూచుట. కొన్ని బొబ్బలు చిదుపగా పుల్లని వాసన గల నీరు కారినది. ఏండ్ల తరబడి నీరు రెజినులోనికి ఊరిన గురుతు అది. మూడవది, వెనుక పలకకు లోపలివైపు సన్నని బెజ్జము వేయుట. మంచి కొయ్యయైన పొడి పొట్టు రావలెను. మాకు నల్లని తడి పిండి వచ్చినది. నాలుగవది, గీకిన తావున ప్లాస్టిక్ కాగితము పరచి అంచులు అంటించి రాత్రియంతయు విడుచుట. ఉదయమున దాని అడుగున నీటి బొట్లు కనబడినవి.

ఈ స్థితిలో రంగు వేసినచో పడవ సభలో చూపుటకు బాగుగనే యుండును. కాని మోటారు బరువును, అది నెట్టు ఒత్తిడియు ఆ వెనుక పలకమీదనే పడును. అది చీలినచో మోటారు నీటిలో పడును, ఆ సందున నీరు లోనికి దూకును. అప్పుడందు కూర్చుండువారు ఈతరాని వృద్ధులు, చంటిబిడ్డలు.

ఇక మరమ్మతు క్రమము. పడవను సమతలమున బోర్లించి, అది మెలిపడకుండ పలుచోట్ల ఇసుక మూటలు ఆనించితిమి. చెడిన తావు మంచి పొర తగులువరకు గ్రైండరుతో తీసివేయవలెను. అంచును నిట్టనిలువుగా కోయరాదు. మందమునకు 12 రెట్లు వెడల్పున ఏటవాలుగా అరగదీయవలెను. 6 మిల్లీమీటర్ల మందమునకు అన్ని వైపుల 72 మిల్లీమీటర్ల వాలు కావలెను. పాత పొరకు కొత్త పొర రసాయనికముగా అంటదు, గరుకును పట్టుకొని నిలుచును. కనుక ముదుక ఉప్పు కాగితముతో రుద్దుట ముఖ్యము. బొబ్బలను తెరచి మంచినీటితో పలుమార్లు కడిగి ఆరబెట్టవలెను. ఆరుటకు దినములు కాదు, వారములు పట్టును. తడిమీద వేసిన పొర ఊడిపోవును. వాన గాలిలో ఆరదు. మేము గడువు కోరుట ఇందుకే.

పిమ్మట గాజునార చాప ముక్కలను ఒకదానికంటె ఒకటి పెద్దదిగా కత్తిరించి, రెజిను తడిపి, రోలరుతో గాలి బుడగలు పోవునట్లు ఒత్తుచు పొరలు వేయవలెను. కిలో చాపకు రెజిను సుమారు రెండున్నర కిలోలు. ఎక్కువైన పెళుసగును, తక్కువైన చాప ఎండిపోవును. గట్టిపరచు ద్రవము కిలో రెజినుకు 10 మొదలు 20 గ్రాముల వరకు. వ్యాపారులమైన మనకు తూకము నేర్పనక్కరలేదు. ఇచ్చట చేతి అంచనా పనికిరాదు. మన ఎండలో కలిపిన రెజిను కొన్ని నిమిషములలోనే గడ్డకట్టును. కావున తెల్లవారుజామున, నీడలో, కొద్ది కొద్దిగా కలిపి పని చేయవలెను. వెనుక పలకకైతే లోని తొడుగు కోసి, కుళ్లిన కొయ్య తీసి, నీటికి తట్టుకొను ప్లైవుడ్డు నిలిపి, మరల పొరలు వేయవలెను.

ఇంటివద్ద చేయదలచువారు ఈ మూడు మాటలు తప్పక వినవలెను. గట్టిపరచు ద్రవమును, కోబాల్టు ద్రవమును నేరుగా ఒకదానితో నొకటి కలిపినచో మంట లేచును, పేలుటయు కలదు. కోబాల్టు ముందే కలిపిన రెజినే కొనుడు. గట్టిపరచు ద్రవము చుక్క కంట పడినచో చూపు పోవచ్చును. అద్దములు లేక దానిని ముట్టరాదు. పడినచో తక్షణము నీటిధార క్రింద కడుగుచునే యుండి వైద్యుని చేరవలెను. గాజు ధూళియు రెజిను ఆవిరియు ఊపిరికి కీడు. తగిన ముసుగు ధరించి, పిల్లలు లేని ఆరుబయటనే పని సాగించవలెను. పొయ్యి, బీడీ దగ్గరకు రారాదు.

మా యేర్పాటు ఇది. వానలు తగ్గువరకు పడవను గాలి ఆడు కప్పు క్రింద నుంచెదము. జనవరి మొదలు ఆరబెట్టుట, కాగితపు పరీక్షలో బొట్టు కనబడని దినమునుండి పొరలు వేయుట. పిదప మనుష్యులు లేకుండ ఇసుక మూటలతో చెరువులో మోకు కట్టి తేల్చి చూచుట. అటుపిమ్మట 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము ననుసరించి మోటారు పడవకు కావలసిన నమోదును విచారించి, తలకొక తేలు చొక్కా కొనిన గాని ఎవరినీ ఎక్కించము. 2017 నవంబరు 12న విజయవాడ చెంత కృష్ణలో పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. పట్టుదలకు మించి జనమును ఎక్కించుట అందు వినవచ్చిన కారణములలో నొకటి. ఎక్కువమందిని ఎక్కించినచో మంచి పడవయు ముంచును. కావున మన పడవలో ఎందరు కూర్చుండవచ్చునో ప్రక్కన పెద్ద అక్షరములతో తెలుగునను తమిళమునను వ్రాయించెదము.

ఈ యేడు వరద వచ్చినచో నేమి చేయవలెనని అడుగుదురు. గట్టున నుండు కుటుంబముల పట్టిక, మోకులు, టార్చీలు, మెట్టనున్న ఇండ్ల తాళపుచెవులు ఇప్పుడే సిద్ధముంచవలెను. నీరు వచ్చుటకు ముందు నడిపించుకొని వచ్చిన ముసలివారికి పడవతో పని లేదు. ఈ పనికి ప్రతి వీధికి ఇద్దరు యువకులు కావలెను. పేర్లు నేడే ఇయ్యగోరుచున్నాము. చందాల వ్యయము లెక్క సంఘ కార్యదర్శివద్ద నున్నది, ఎవరైనను చూడవచ్చును.